గర్భిణీ స్త్రీలకు సంక్రామిక వ్యాధుల పరీక్ష: తల్లి సమ్మతి, శిశు రక్షణ

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో నేటికిని నిలిచియున్న ఆచారములలో తొలి కాన్పునకు కుమార్తెను పుట్టింటికి తీసికొనివచ్చుట యొకటి. బరంపురమున కాపురమున్న కోడలు శ్రీకాకుళమునకును, షోలాపురమున నున్న కోడలు కరీంనగరమునకును, బళ్ళారి కోడలు అనంతపురమునకును, హోసూరు కోడలు చిత్తూరునకును ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ప్రయాణమగుట తరచుగా కానవచ్చును. యానాములోని గర్భిణి పెద్ద ఆసుపత్రి వైద్యము కావలసినప్పుడు కాకినాడకు పోవును. యానాము పుదుచ్చేరి పాలనకు లోబడినది. కాకినాడ ఆంధ్రప్రదేశ్ పాలనకు లోబడినది. ఈ ప్రయాణములలో గర్భిణి ఒక రాష్ట్రపు వైద్య వ్యవస్థను విడిచి మరియొక రాష్ట్రపు వ్యవస్థలో ప్రవేశించుచున్నది. సీమంతపు గాజులును చీరలును ఆమె వెంట పోవును. ఆమె రక్తపరీక్షల ఫలితములు కూడ ఆమె వెంట పోవుచున్నవా యనునది విచారింపదగిన విషయము.

గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా చేయు పరీక్షలలో తల్లినుండి బిడ్డకు సంక్రమింపగల మూడు వ్యాధుల పరీక్షలు ముఖ్యమైనవి. అవి సిఫిలిస్, హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి. ఈ పరీక్షలు నిర్బంధములు కావు. తల్లి తెలిసికొని, తన యిష్టముతో అంగీకరించినప్పుడే చేయదగినవి. సకాలమున చేసినయెడల శిశువును కాపాడును. ఆలస్యముగా చేసినను, తల్లికి తెలియజెప్పక చేసినను ఆ ప్రయోజనము చాలవరకు నశించును. ప్రవాసాంధ్ర కుటుంబములకు భాషయు ప్రయాణమును ఈ రెండు విషయములలోను అడ్డువచ్చుచున్నవి గనుక ఈ పరీక్షల స్వరూపమును సవిస్తరముగా తెలిసికొనుట యవసరము.

1. ఆరోగ్యవతికి పరీక్ష యెందులకు?

“పిల్ల నిక్షేపముగా నున్నది, పరీక్ష యెందులకు?” అని పెద్దలు ప్రశ్నించుట సహజము. జ్వరము వచ్చినవానికి చేయు పరీక్ష వేరు. ఏ లక్షణమును లేనివారికి చేయు పరీక్ష వేరు. రెండవదాని యుద్దేశము దాగియున్న వ్యాధిని ముందుగా పసికట్టుట. పైని చెప్పిన మూడు వ్యాధులును సంవత్సరముల తరబడి ఏ బాధయు కలిగింపక దేహములో నుండగలవు. తల్లి బలముగా, చలాకీగా నుండవచ్చును. అయినను వ్యాధిబీజములు ఆమె రక్తమున నుండును.

తల్లినుండి బిడ్డకు వ్యాధి చేరుటకు మూడు మార్గములు కలవు. మొదటిది గర్భములో నున్నప్పుడు మాయ గుండ. రెండవది కాన్పు సమయమున తల్లి రక్తము, స్రావములు బిడ్డకు తగులుట వలన. మూడవది చనుబాల వలన. ఏ వ్యాధి యే మార్గమున నడచునో తెలిసినందున వైద్యులు ఆ మార్గమును మూయగలుగుచున్నారు. సిఫిలిస్ ప్రధానముగా మాయ గుండ పోవును. హెపటైటిస్ బి ఎక్కువగా కాన్పు వేళ సోకును. హెచ్.ఐ.వి.కి మూడు మార్గములును కలవు.

ఇచ్చట ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. తెలుగులో ఇట్టి వ్యాధులన్నిటిని ‘అంటువ్యాధులు’ అని వాడుట కలదు. అంటు అనగా తాకుడు. ఆ మాట విన్నవారు ఆ తల్లిని తాకరాదనియు, ఆమె వండినది తినరాదనియు, ఆమె పురిటిగదిలోనికి పోరాదనియు భావింతురు. ఈ మూడు వ్యాధులును తాకుట వలన గాని, ఒక కంచమున తినుట వలన గాని వ్యాపింపవు. కావున వీనిని ‘సంక్రామిక వ్యాధులు’ అనుటయే యుక్తము.

2. సిఫిలిస్: పాతకాలపు పాఠము

జనులు సవాయి యని పిలుచు సిఫిలిస్ వ్యాధి గర్భిణుల రక్తపరీక్షలకు మూలకారణమైనది. ఈ వ్యాధిబీజమును 1905వ సంవత్సరమున జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మరుసటి యేడు, అనగా 1906లో, వాసర్మన్ తన సహచరులతో గూడి దీనికి రక్తపరీక్షను కల్పించెను. అంతకు పూర్వము మచ్చలు, పుండ్లు కనబడినప్పుడే వ్యాధి తెలిసెడిది. రక్తపరీక్ష వచ్చిన పిమ్మట లక్షణములు లేని తల్లియందు కూడ దానిని గుర్తింప వీలయ్యెను. 1938లో అమెరికాలోని న్యూయార్కు, రోడ్ ఐలండు రాష్ట్రములు గర్భిణుల రక్తమును ఈ వ్యాధికై పరీక్షింపవలెనని శాసనములు చేసెను. 1943లో పెనిసిలిన్ ఈ వ్యాధిని నయముచేయునని ఋజువైనది. 1946లో వచ్చిన వి.డి.ఆర్.ఎల్. పరీక్ష నేటికిని వాడుకలో నున్నది.

చికిత్స లేనియెడల ఈ వ్యాధి శిశువునకు గలిగించు హాని తీవ్రమైనది. గర్భస్రావము, మృతశిశు జననము, నెలలు నిండని కాన్పు, ఎముకల రోగము, చెవుడు, దృష్టిలోపము మున్నగునవి సంభవించును. చికిత్స పొందని తల్లుల గర్భములలో సగమునకు పైగా ఏదో యొక విధముగా చెడుచున్నవని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

పుట్టిన బిడ్డలు పుట్టినట్లే చనిపోవు స్త్రీని పూర్వము మృతవత్స యనిరి. ఆ దోషమును ఆమె తలరాతకు అంటగట్టి నోములు నోపించిరి, మ్రొక్కులు మ్రొక్కించిరి. దక్కిన బిడ్డకు దృష్టి తగులకుండ పెంటయ్య, పెంటమ్మ యను పేర్లు పెట్టిరి. శిశుమరణములకు కారణములు పెక్కులు; అన్నియు సిఫిలిస్ వలన గలిగినవి కావు. అయినను కొన్ని యిండ్లలోని ఆ దుఃఖమునకు కారణము తల్లి రక్తములో కనుగొనదగినదనియు, చికిత్సకు లొంగునదనియు నేడు తెలియును. నిందింపబడిన స్త్రీకి ఆ వ్యాధి భర్తనుండి సోకియుండుట కూడ అరుదు కాదు.

వ్యాధి తొలిదశలో నున్న గర్భిణికి బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు ఒకే మారు సూదిమందుగా నిత్తురు. వ్యాధి పాతదైనను, ఎప్పుడు సోకినదో తెలియకున్నను వారమున కొకటి చొప్పున మూడు మార్లు ఇత్తురు. ఈ మందు మాయను దాటి బిడ్డను కూడ బాగుచేయును. కాన్పునకు కనీసము 30 దినములు ముందుగా చికిత్స జరిగియున్నప్పుడే బిడ్డకు తగిన రక్షణ గలిగినదని వైద్యులు పరిగణింతురు. తొమ్మిదవ నెలలో పుట్టింట మొదటిసారి పరీక్ష జరిగిన స్త్రీకి ఈ గడువు దొరకుట దుర్లభము. భర్తకు చికిత్స చేయనిచో వ్యాధి మరల ఆమెకు సోకును.

3. హెచ్.ఐ.వి.: దక్షిణదేశపు అనుభవము

భారతదేశమున హెచ్.ఐ.వి. మొదట కనుగొనబడినది 1986లో మద్రాసు నగరమునందు. మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు సునీతి సాలమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల యను విద్యార్థిని రక్తపు నమూనాలను సేకరించి ఈ విషయమును బయల్పరచెను. తరువాతి దశాబ్దములలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు అధికవ్యాప్తి గల రాష్ట్రముల జాబితాలో చేరెను. తెలుగువారు ఎక్కువగా నివసించు ప్రాంతములు ఇవియే. ఆ తరువాత వ్యాప్తి చాలవరకు తగ్గినది గాని వ్యాధి తొలగిపోలేదు.

ఏ మందును వాడనిచో, చనుబాలు త్రాగు కాలమును గూడ లెక్కించినయెడల, తల్లినుండి బిడ్డకు ఈ వ్యాధి నూటికి 15 మొదలు 45 వరకు సందర్భములలో సంక్రమించును. అనగా మందు లేకున్నను అందరు బిడ్డలకును సోకదు. మందు వాడినచో సోకువారి సంఖ్య అత్యల్పమగును. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో జిడోవుడిన్ అను మందు సంక్రమణను సుమారు నూటికి 25 నుండి సుమారు 8కి తగ్గించినది. 1999లో ఉగాండా దేశమున జరిగిన మరియొక పరిశోధన నొప్పులు మొదలైన తరువాత తల్లికి నెవిరపిన్ మాత్ర ఒకటి, పుట్టిన బిడ్డకు అదే మందు ఒక మోతాదు ఇచ్చుట చౌకయైన ఉపాయమని చూపినది. 2002లో భారత ప్రభుత్వము ఈ పద్ధతితో తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకకుండ నివారించు కార్యక్రమమును ఆరంభించెను. 2014 నుండి, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికిని మూడు మందుల కలయికను జీవితాంతము ఉచితముగా నిచ్చుచున్నారు. ఈ చికిత్స సరిగా సాగినచో సంక్రమణ నూటికి 5కు లోపునకు దిగును; మొదటి నెలలనుండి వాడినవారిలో ఇంకను తగ్గును.

బిడ్డ పుట్టిన పిమ్మట చేయవలసిన పనియు కలదు. బిడ్డకు కొన్ని వారములపాటు ద్రవరూపమున మందు పోయుదురు. ఆరవ వారమున మడమనుండి రక్తపు చుక్కలు తీసి ప్రత్యేక పరీక్షకు పంపుదురు. సాధారణ పరీక్ష బిడ్డకు వెంటనే పనికిరాదు. తల్లి రక్తమునుండి వచ్చిన ప్రతిరక్షకములు పదునెనిమిది నెలల వరకు బిడ్డ దేహములో నుండి తప్పు ఫలితమును చూపవచ్చును. కావున తుది నిర్ణయము పదునెనిమిది నెలలకు జరుగును.

ఇందు మన యిండ్ల అలవాటొకటి విచారింపదగినది. పుట్టిన బిడ్డకు తేనె నాకించుట, చక్కెర నీళ్ళు పోయుట, ఆముదముతో ఉగ్గు పెట్టుట పెక్కు కుటుంబములలో కలదు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లి తన మందులను వాడుచు మొదటి ఆరు నెలలు చనుబాలనే యిచ్చినచో బిడ్డకు ఆపద తక్కువ. చనుబాలతోపాటు ఇతర పదార్థములను గూడ పెట్టినచో ఆపద పెరుగునని పరిశోధనలు తెల్పినవి. పురిటింటి పెద్దలు ప్రేమతో పెట్టు ఉగ్గు ఇట్టి సందర్భమున కీడు చేయును. ఆరు నెలల వరకు చనుబాలు తప్ప మరేదియు పెట్టకుండుట వ్యాధి లేని తల్లుల బిడ్డలకును మేలైన నియమమే. దానిని ఇంటిలోని బిడ్డలందరికిని పాటించినచో, ఒక తల్లి మాత్రము ప్రత్యేకముగా కనబడవలసిన యవసరముండదు.

4. హెపటైటిస్ బి: ఇరువదినాలుగు గంటల గడువు

కాలేయమునకు సోకు ఈ వ్యాధిని జనులు కామెర్లలో చేర్చి చెప్పుదురు. అయితే ఈ వైరస్ ఉన్న స్త్రీకి కామెర్లు కనబడకుండుటయే యెక్కువ. 1960 దశకమున అమెరికాకు చెందిన బ్లంబర్గు దీని ఉనికిని కనుగొని, 1976లో నోబెల్ బహుమానమును పొందెను.

ఈ వ్యాధి ఏ వయస్సున సోకినదనునది ముఖ్యము. పెద్దవారికి సోకినచో నూటికి 90 మందికి పైగా దేహమే దానిని తొలగించుకొనును. పుట్టుకతో సోకినయెడల క్రమము తలక్రిందగును. అట్టి శిశువులలో నూటికి సుమారు 90 మందికి అది దీర్ఘవ్యాధిగా నిలిచిపోవును. నడివయస్సున కాలేయము గట్టిపడుట, కాలేయపు క్యాన్సరు అను ఉపద్రవములు వీరికి రాగలవు. పురిటిలో సోకిన వ్యాధి ఫలము నలువది యేండ్లకు కనబడును గనుక, దానికి మూలము కాన్పులో నున్నదని కుటుంబము గ్రహింపజాలదు.

దీనికి విరుగుడు సులభము. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా హెపటైటిస్ బి టీకా మొదటి మోతాదు వేయవలెను. తల్లికి వ్యాధి యున్నట్లు ముందే తెలిసినచో టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అను సూదిమందును గూడ వెంటనే యిత్తురు. తల్లి రక్తమున వైరస్ అధికముగా నున్నచో చివరి నెలలలో ఆమెకును మందు వాడుదురు. ఈ టీకా ఒకప్పుడు విదేశములనుండి దిగుమతియై సామాన్యునకు అందని వెలలో నుండెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దీనిని స్వదేశమున తయారుచేసి వెల తగ్గుటకు దారి చూపెను. 2011 నాటికి దేశమంతటను శిశువుల టీకాలలో ఇది చేర్చబడినది. 2018లో ఆరంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము గర్భిణుల పరీక్షకును ప్రాధాన్యమిచ్చినది. ఈ వ్యాధి యున్న తల్లి, బిడ్డకు టీకా వేయించి నిరభ్యంతరముగా పాలీయవచ్చును. పాలు మాన్పించుట అనవసరము.

5. సమ్మతి యనగా నేమి?

శిశువునకు ఇంత మేలు కలదు గదా, అందరికిని నిర్బంధముగా పరీక్ష చేయరాదా యని యడుగువారు కలరు. దీనికి సమాధానము గత చరిత్రలో దొరకును. 1989లో గోవాలో రక్తదానము చేసిన యొక యువకునకు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసి, ఆ రాష్ట్రపు ప్రజారోగ్య చట్టము క్రింద అతనిని 64 దినములు నిర్బంధములో నుంచిరి. పరీక్ష శిక్షకు దారితీయునని ప్రజలు తలచినచో పరీక్షా కేంద్రమునకే రారు. గర్భిణి విషయమున ఇది మరింత హానికరము. పరీక్షకు భయపడిన స్త్రీ రక్తపరీక్షను మాత్రమే గాక, రక్తపోటు, రక్తహీనత, ధనుర్వాతపు సూది మున్నగు తక్కిన సంరక్షణను గూడ వదలుకొనును.

సమ్మతి లేని పరీక్ష మరియొక విధముగను జరిగినది. 1998 నుండి దేశమున హెచ్.ఐ.వి. వ్యాప్తిని లెక్కించుటకు ఏటేట కొన్ని కేంద్రములలో, సిఫిలిస్ పరీక్షకై తీసిన గర్భిణుల రక్తములో మిగిలిన భాగమును పేర్లు తొలగించి పరీక్షించిరి. దేశమునకు లెక్క తెలిసినది. ఆ రక్తమిచ్చిన స్త్రీకి ఫలితము చేరు మార్గము అందులేదు. జనసంఖ్యలో వ్యాప్తిని కొలుచుట వేరు, ఒక తల్లికి మేలు చేయుట వేరు. స్వచ్ఛంద పరీక్షలో తల్లికి ముందు వివరము చెప్పుదురు, ఫలితమును ఆమెకే తెల్పుదురు, తరువాత చికిత్స చూపుదురు. ఈ మూడును కలిసినప్పుడే అది సంరక్షణ యగును.

2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టము ఈ సూత్రమును స్థిరపరచినది. దాని ప్రకారము వ్యక్తికి విషయము తెలియజెప్పి సమ్మతి పొందక హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదు. ఫలితమును గోప్యముగా నుంచవలెను. వ్యాధి కారణముగా వైద్యమునందు, ఉద్యోగమునందు, విద్యయందు వివక్ష చూపరాదు. భర్తకు తెలియజేయు విషయమునను చట్టము జాగ్రత్త వహించినది: తెలిపినందున స్త్రీకి హింస గాని, పరిత్యాగము గాని కలుగునను సహేతుకమైన భయమున్నచో వైద్యుడు భర్తకు తెలియజేయరాదు.

ఆచరణలో ఈ పరీక్షను గర్భిణులందరికిని చెప్పి చేయుదురు. వలదన్న స్త్రీకి వలదను హక్కు కలదు. వలదన్నందున ఆమెకు కాన్పు చేయుట మానరాదు. నేడు వలదన్న స్త్రీ తగిన వివరణ విని తరువాతి రాకలో అంగీకరింపవచ్చును గనుక, ఆమె మరల వచ్చునట్లు ఆదరించుటయే యుక్తము.

6. భాష తెలియని సమ్మతి

సమ్మతికి మూలము అవగాహన. అవగాహనకు మూలము భాష. తరతరములుగా పరాయి రాష్ట్రమున నున్న తెలుగు పురుషులకు అచ్చటి కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ భాషలు చక్కగా వచ్చును. తెలుగు జిల్లాలనుండి క్రొత్తగా వచ్చిన కోడలికి అవి రావు. తొలి పరీక్ష జరుగవలసినది సరిగా ఆ కాలముననే. ఆరోగ్య కేంద్రమున సలహాదారు చెప్పినదానిని అత్తగారో, ఆడపడుచో, భర్తయో తెలుగులో చెప్పుదురు. అప్పుడు గోప్యత యెక్కడిది? సిగ్గుపడు విషయములను అత్తగారి యెదుట కోడలు చెప్పగలదా? ఆమె తల యూపుట సమ్మతి యగునా?

కార్డులో వ్రాసిన మాటలును గందరగోళము గలిగించును. ‘పాజిటివ్’ అనగా లోకవ్యవహారమున మంచి. ‘నెగెటివ్’ అనగా చెడు. వ్యాధి పరీక్షలో దీనికి విపర్యయము. అదే కార్డుపై రక్తపు గ్రూపు ‘ఓ పాజిటివ్’ అనియో ‘బి నెగెటివ్’ అనియో యుండును. దానికిని వ్యాధికిని సంబంధము లేదు. ‘నాన్ రియాక్టివ్’ అనగా పరీక్షలో వ్యాధి ఆనవాలు కనబడలేదని యర్థము. ‘రియాక్టివ్’ అనగా ఆనవాలు కనబడినదని, మరల నిర్ధారింపవలెనని యర్థము. హెచ్.ఐ.వి. ఉన్నదని చెప్పుటకు ఒక్క పరీక్ష చాలదు; మూడు వేర్వేరు పరీక్షలు ఏకీభవింపవలెను. సిఫిలిస్ తొలి పరీక్ష కూడ ఇతర కారణములచే ఒక్కొక్కప్పుడు రియాక్టివ్ అని చూపును. మొదటి చీటిని చూచి యింటిలో కలహము పెట్టుట అజ్ఞానము. వ్యాధి క్రొత్తగా సోకిన కొన్ని వారములలో పరీక్షకు అందకపోవచ్చును గనుక, ఒక్క మారు ‘నెగెటివ్’ వచ్చినంతమాత్రమున ఎల్లకాలమునకు నిశ్చింత లేదు.

7. ఎప్పుడు, ఎవ్వరికి?

మొదటి మూడు నెలలలో, గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే అత్తవారి యూరిలోనే పేరు నమోదు చేయించుకొని పరీక్షలు చేయించుకొనుట ఉత్తమము. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ కేంద్రములలో గర్భిణులకు ప్రత్యేక ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. తల్లి మందు వాడవలసియున్నచో అంత ముందుగా తెలిసినంత మేలు. పుట్టింటికి పోవునప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డును, పరీక్షా ఫలితముల చీటీలను, ఇచ్చిన సూదిమందుల తేదీలను వెంట తీసికొనిపోవలెను. హెచ్.ఐ.వి. మందులు వాడు స్త్రీ ప్రయాణమునకు ముందే తన కేంద్రమున తెలియజేసినచో చాలినన్ని మందులును, పుట్టింటి సమీపమునందలి కేంద్రమునకు బదిలీ పత్రమును పొందగలదు. మాత్రలు నడుమ ఆగిపోయినచో రక్తమున వైరస్ మరల పెరుగును. అట్టి ఫలితమును కార్డు పైని అందరికి కనబడునట్లు వ్రాయనక్కరలేదు. కాన్పు చేయు వైద్యునకు మాత్రము తల్లి తెలుపవలెను.

రెండవ విషయము భర్త పరీక్ష. గర్భముతో నున్న స్త్రీయే ఆసుపత్రికి పోవును గనుక ఇంటిలో వ్యాధి మొదట ఆమె రక్తముననే కనబడును. మొదట కనబడినచోటనే పుట్టినదని లోకము తలచును. నింద ఆమె మీద పడును. దంపతులిద్దరును ఒకే దినమున పరీక్ష చేయించుకొన్నచో ఈ అన్యాయము చాలవరకు తప్పును. వైద్యదృష్టిచేతను అది యవసరము. గర్భకాలమున భర్తనుండి క్రొత్తగా హెచ్.ఐ.వి. సోకినయెడల తల్లి రక్తమున వైరస్ మిక్కుటముగా నుండి, బిడ్డకు ఆపద హెచ్చును. భర్త దూరప్రాంతములలో పనిచేయుచు వచ్చిపోవుచున్న కుటుంబములలో మొదటి ఫలితము నెగెటివ్ అయినను చివరి నెలలలో మరల పరీక్ష చేయించుట మంచిది.

8. సంఘములు చేయదగిన పని

2015లో క్యూబా, 2016లో థాయిలాండు, 2019లో శ్రీలంక తల్లినుండి బిడ్డకు హెచ్.ఐ.వి., సిఫిలిస్ సంక్రమణను నిర్మూలించిన దేశములుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినవి. ఈ దేశములు సంపన్న దేశములు కావు. ప్రతి గర్భిణియు తొలి నెలలలోనే కేంద్రమునకు వచ్చుట, పరీక్ష జరుగుట, చికిత్స నడుమ తెగకుండుట, ఇవియే వారి సాధనములు.

తెలుగు సంఘములు వైద్యశాలలను కట్టనక్కరలేదు. వాటికి సాధ్యమైన పనులు వేరుగా నున్నవి. మొదటిది, పరీక్షల వివరమును సులభమైన తెలుగులో ఒక్క పుటలో ముద్రించి, సీమంత సమయములకును వివాహ సమయములకును ఇంటింట నందజేయుట. చదువురాని స్త్రీకి చదివి వినిపించు యేర్పాటు కూడ నుండవలెను. రెండవది, బంధువులు కాని, రహస్యమును కాపాడగల తెలుగు స్త్రీలను కొందరిని ఎన్నుకొని, స్థానిక ఆరోగ్య కేంద్రము వారి శిక్షణతో, సలహాదారునకును కోడలికిని నడుమ మాట చెప్పుటకు నియమించుట. మూడవది, భర్తలను పరీక్షకు పిలుచుట. ఆ పిలుపు సంఘపు పెద్దలనుండి వచ్చినచో దాని విలువ వేరు. నాల్గవది, పేర్లను గాని ఫలితములను గాని ఏ పుస్తకమునను వ్రాయకుండుట. ఎందరు పరీక్షింపబడిరను లెక్క ఆరోగ్యశాఖకు కావలెను. ఎవరికేమి వచ్చినదను సమాచారము సంఘమునకు అక్కరలేదు.

భాషను, ఆచారమును పరాయినేలపై తరతరములుగా నిలుపుకొన్న కుటుంబములకు పుట్టింటి పురుడు ప్రియమైనది. దానిని మానవలసిన పని లేదు. ఆ ప్రయాణమునకు పూర్వమే పరీక్ష జరిగి, ఆ ఫలితము ఆమెకు ఆమె భాషలో తెలియజెప్పబడి, ఆ చీటి ఆమె వెంట క్షేమముగా పుట్టినూరి ఆసుపత్రికి చేరినచో, పురిటిగదిలోని వైద్యునకు తల్లి స్థితి తెలిసియుండును. బిడ్డకు కావలసిన టీకాయు మందును సకాలమున అందును. ఇది ప్రతి యింటివారికిని సాధ్యమైన కార్యము. ఇందు కోడలి యిష్టమే మొదటిది. ఆమెకు తెలిసిన తెలుగులో విషయమును చెప్పి ఆ యిష్టమును పొందుట కుటుంబముల బాధ్యత, సంఘముల బాధ్యత.